గళమునకు ధైర్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఆషాఢమాసమున వరినాట్లు వేయు చేనిగట్టుపై కొంతసేపు నిలిచినవారికి ఒక వింత తోచును. నడుము వంచి నారు నాటుచున్న స్త్రీలలో ఒకతె పాట ఎత్తుకొనును. తక్కినవారు దాని నందుకొందురు. ఎవరికిని బెదురు లేదు. ఆ సాయంకాలమే ఆమెను సభకు పిలిచి, మైకు ముందు నిలిపి, ఒక పాట పాడుమన్నచో, "అయ్యో, నాకు పాట ఎక్కడ వచ్చునండీ!" అని కొంగు నోటికి అడ్డము పెట్టుకొనును. ఉదయము పాడిన గొంతు సాయంకాలమునకు ఎక్కడికిని పోలేదు. పోయినది ధైర్యము. దానిని తిరిగి తెచ్చి యిచ్చుటయే పాట నేర్పువారి మొదటి పని.

"నీ గొంతు పాటకు పనికిరాదు" అను ఒక్క మాటను బాల్యమున విని, ఆపై జీవితమంతయు నోరు విప్పని వారు ప్రతి గ్రామమునను ఉందురు. కన్నబిడ్డకు జోలపాట పాడుటకును సిగ్గుపడు తల్లులు గలరు. ఇట్టి తీర్పు చెప్పినవారిలో పెక్కుమంది ఆ గొంతును పరీక్షించి చెప్పినవారు కారు. తమకు వీలైన శ్రుతిలో పాడించి, అది అందకపోగా, లోపము గొంతుదే యని నిర్ణయించినవారు.

శ్రుతి విషయము కొంత వివరముగా తెలిసికొనదగినది. ఊపిరి తాకిడికి కంఠములోని స్వరతంత్రులు కంపించుటచే నాదము పుట్టును. సామాన్యముగా మాటలాడునపుడు పురుషుని స్వరతంత్రులు సెకండునకు సుమారు 120 మారులు, స్త్రీ స్వరతంత్రులు సుమారు 200 మారులు కంపించును. కనుకనే కర్ణాటక సంగీతమున పురుషులు తరచుగా ఒకటి మొదలు రెండు శ్రుతులలోపలను, స్త్రీలు అయిదారు శ్రుతులలోను సుఖముగా పాడుదురు. ఒకటవ శ్రుతిలో పాడు ఉపాధ్యాయుడు అదే శ్రుతిలో బాలికచే పాడింపబూనినచో, క్రిందికి పోయినపుడు ఆమెకు గాలి తప్ప నాదము రాదు. పైకి పోయినపుడు గొంతు కీచుమనును. వినువారు నవ్వుదురు. ఆ బాలిక మరునాడు పాఠమునకు రాదు.

బాలుర విషయమున మరియొక చిక్కు గలదు. పండ్రెండు మొదలు పదునైదు ఏండ్ల నడుమ చాలమందికి గొంతు మారును. నిన్న అందిన స్వరము నేడు అందదు. పాడుచుండగనే గొంతు చీలును. ఇది రోగము కాదు, వయోధర్మము. అప్పుడు శ్రుతి తగ్గించి, సాధన కొంచెముగా చేయించి, ఓపిక పట్టవలెను. ఆ సమయమున బలవంతము చేసినను, పరిహాసము చేసినను, మంచి గాయకుడు కాదగినవాడు పాటకే దూరమగును.

కావున మొదటి దినమున గురువు పాఠము చెప్పుటకు ముందు వినవలెను. శిష్యునిచే నాలుగు మాటలు మాటలాడించి, తెలిసిన పాట ఏదైనను మెల్లగా పాడించి, గొంతు ఏ స్వరముపై ఆయాసము లేక నిలుచుచున్నదో గుర్తింపవలెను. తగిన షడ్జమము అక్కడనే దొరకును. హార్మోనియము స్వరమును కొందరు పిల్లలు వెంటనే పట్టలేరు. వారిని చెవి లేనివారని త్రోసివేయరాదు. స్వరభేదము బొత్తిగా తెలియనివారు మిక్కిలి అరుదు. శిష్యుడు గురువు స్వరమునకు రాలేనిచో, గురువే శిష్యుని స్వరమునకు పోవలెను. పిల్లవాడు పలికిన స్వరమునే తానును పలికి, రెండును ఒకటిగా కలిసినపుడు కలుగు హాయిని వానికి వినిపించి, అక్కడినుండి ఒక్కొక్క మెట్టు ఎక్కింపవలెను.

పెద్దలు ఏర్పరచిన పాఠక్రమము ఈ దారికి అనుకూలమైనది. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు అను మెట్లను ఏర్పరచినవారు పురందరదాసులవారని సంప్రదాయము. వాటిని మాయామాళవగౌళ రాగమున నేర్పుదురు. అందు స-రి, గ-మ, ప-ద, ని-స అను జంటలు దగ్గరదగ్గరగా నుండుటచే పూర్వార్ధమునకును ఉత్తరార్ధమునకును ఒకే పోలిక కలదు. క్రింద నేర్చిన నడక పైన మరల ఉపయోగపడును. ఒకే పాఠమును మూడు కాలములలో పాడించుటచే, మొదటి కాలమున నిలుకడయు, మూడవ కాలమున చురుకుదనమును అలవడును.

ఇక భయమును తీర్చు విధము. ఒంటరిగా పాడలేనివారిని మొదట పదిమందితో కలిపి గోష్ఠిగా పాడింపవలెను, పిమ్మట ఇద్దరిద్దరిని, ఆపై ఒక్క పాదము మాత్రము ఒంటరిగా. తప్పులన్నియు ఒక్కమారు ఎంచక, దినమున కొకటి చొప్పున, నలుగురిలో కాక ప్రక్కకు పిలిచి చెప్పవలెను. భుజములు ఎగురవేయక, పొట్టయు ప్రక్కలును నిండునట్లు ఊపిరి తీసికొని, 'సా' యని నిదానముగా నిలుపుట నేర్పినచో గొంతులోని వణకు చాలవరకు అణగును. పండ్లు బిగించి పాడువారికి ఆకారసాధన మందు వంటిది. గొంతు బొంగురుపోయినపుడు విశ్రాంతి యిచ్చి మంచినీరు త్రాగవలెను. మూడు వారములకును తగ్గనిచో వైద్యునికి చూపవలెను. నొప్పి కలుగుచుండగా చేయు సాధన సాధన కాదు.

ఒక్క గురువు ఆదరణ యేమి చేయగలదో విజయనగరము చెప్పును. అక్కడి సంగీత కళాశాల 1919లో వెలసినది. ఆస్థానోద్యోగి యొకరి కుమారుడు, అంధుడైన బాలుడు, సంగీతము నేర్వగోరుటయే దాని స్థాపనకు కారణమైనదని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాల్యముననే తండ్రిని కోల్పోయి, తరువాత సంగీతమునకై ఆ ఊరు చేరిరి. అంతకు మున్ను విద్వాంసులతో పోటీపడి నవ్వులపాలయిరని వారి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. చేతిలో ధనము లేదు. సాలూరు చిన్నగురువుగారని పేరుపొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి, ప్రతిఫలము కోరక పాఠము చెప్పిరి. మధుకరముతో కడుపు నింపుకొనుచు శిష్యుడు సాధన సాగించెను. ఆ గళము తెలుగునాట ఇంటింట ఎట్లు వినబడినదో ఈ సభకు చెప్ప నక్కరలేదు. ఆనాడు నవ్వినవారు ఎవరో ఎవరికిని తెలియదు. చేరదీసినవారి పేరు నిలిచినది.

నేర్చిన ప్రతివారును ఘంటసాల కారు, కానక్కరయు లేదు. కచేరి చేయువారు ఏ కొందరో ఉందురు. తక్కినవారికి పాటవలన కలుగు లాభము వేరు. ఇంట బిడ్డను నిద్రపుచ్చుటకు, పండుగనాడు నలుగురితో గొంతు కలుపుటకు, దుఃఖము వచ్చినపుడు తనకు తాను ఊరట చెప్పుకొనుటకు పాట కావలెను. అట్టి పాటకు పాండిత్యము లేకున్నను సాగును. వెరపు ఉన్నచో సాగదు.

గ్రంథాలయమునకు వచ్చినవారిని "నీకు చదువు వచ్చునా?" యని వాకిట నిలిపి అడుగువారు లేరు. చదువు రానివారికి చదివి వినిపించుట గ్రంథాలయోద్యమము నాటినుండియు ఉన్న ఆచారము. ఆ ఆచారమునే పాటకును వర్తింపజేయవచ్చును. వారమున కొక సాయంకాలము, ఒక చాప, ఒక శ్రుతిపెట్టె చాలును. నేడు సెల్‌ఫోనులో సైతము తంబురా శ్రుతి వినవచ్చును. పిల్లలును, తల్లులును, వృద్ధులును వచ్చి కూర్చుండవచ్చును. అక్కడ ఒక్కటే నియమము ఉండవలెను: పాడువారిని చూచి ఎవరును నవ్వరాదు. ఆ నియమము నిలిచినచో, చేనిగట్టున వినబడిన పాట ఈ చావడిలోను వినబడును.