మన కులమును గుఱించి మనమే వ్రాసికొనవచ్చునా?

(సత్తెనపల్లి వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



మన యువజనులు సభ ముందుంచిన తీర్మానములలో నొక్కదానిని గుఱించి మాత్రమే మేము ప్రసంగింప దలచితిమి. తెలుగు వికీపీడియాలో మన కులమును గుఱించియు, మన పెద్దలను గుఱించియు గల వ్యాసములు లోపభూయిష్టములుగ నున్నవనియు, సంఘమే యొక యుపసంఘము నేర్పఱచి వానిని తిరిగి వ్రాయింపవలెననియు నా తీర్మానము. వారి యుత్సాహము శ్లాఘనీయమే. తీర్మానమును మాత్రము ఇప్పుడున్న రూపమున మేము బలపఱుపజాలము.

కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును మూడు సంపుటముల వఱకు వెలువరించి 1923లో దివంగతులైరి. అట్టి గ్రంథమునకు సంపాదకుడుండును. తప్పు దొరలినచో నాతని నడుగవచ్చును. 2003 డిసెంబరులో నారంభమైన తెలుగు వికీపీడియా వేఱు తీరుది. అందెవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును, మాఱుపేరుతోనైనను వ్రాయవచ్చును. కావున వ్రాయువానికిని వ్రాయబడు విషయమునకును గల సంబంధము, అతడు చెప్పిననే గాని, పాఠకునికి దెలియదు.

ఇట్టి యాశ మనకు గ్రొత్తది గాదు. ఆంగ్లేయ ప్రభుత్వ కాలమున, 1901 మొదలు 1931 వఱకు జరిగిన జనాభా లెక్కలలో తమ కులనామమును మార్పుడనియు, పై వర్ణమున జేర్పుడనియు దేశమునందలి పెక్కు కులసంఘములు అర్జీలు పెట్టుకొనెను. అప్పుడు అర్జీ పెట్టువాడొకడు, విచారించువాడొకడు. ఇప్పుడో, అర్జీదారుని చేతికే కలము వచ్చినది! ఆంగ్ల వికీపీడియాలో దక్షిణాసియా కులముల వ్యాసములపై కలహములు మితిమీరగా, 2012లో వానికి ప్రత్యేక కట్టుబాట్లు విధింపవలసి వచ్చెను.

యువజనులు సిద్ధపఱచిన ముసాయిదాను మేము సాంతముగ జదివితిమి. అందొక పెద్దలు స్థాపించిన విద్యార్థి వసతిగృహమును గుఱించి అర్ధపుట గలదు. ఆ గృహమునకు స్థలమిచ్చినవారు మన కులమువారు గారు. వారి పేరు ముసాయిదాలో లేదు. ఎవరును దురుద్దేశముతో విడిచిరని మేమనము; అబద్ధమును వ్రాయలేదు. ఆ పేరు వారి కంట బడలేదు, అంతియే. స్వకీయాభిమానము చేయు పని యిట్టిది. మిరపకాయల యార్డులో రైతు సరుకును తానే తూచుకొనడు, కొనువాడును తూచడు. కాటాదారు వేఱుగ నుండును. రైతు దొంగ యని గాదు గదా!

సంఘనిధినుండి ప్రతిఫలమిచ్చి వ్రాయింతమని కొందఱనుచున్నారు. 2014 నుండి వికీమీడియా నియమముల ప్రకారము ప్రతిఫలము గైకొనువాడు, ఇచ్చువారి పేరును బహిరంగముగ దెలుపవలెను. ఆంగ్ల వికీపీడియాలో నిర్వాహకుడై యుండి, ఒక వ్యాపారవిద్యాసంస్థకు అనుకూలముగ వ్యాసములను నడపెనను నారోపణపై విచారింపబడిన యొక సభ్యుడు 2015లో బహిష్కృతుడయ్యెను. ప్రతి మార్పును వ్యాసముయొక్క ‘చరిత్ర’ పుటలో నిలిచియుండును. మాఱుపేరు ఎంతకాలము కాపాడును?

అట్లయిన తప్పు కనబడినను ఊరకుండవలెనా? అక్కఱలేదు. ప్రతి వ్యాసమునకును చర్చాపుట గలదు. అచట ‘మేము ఈ సంఘమువారము’ అని ముందుగ దెలిపి, తప్పును, ఆధారమును జూపి, సంబంధము లేనివారిని దిద్దుడని కోరవలెను. వారు అంగీకరింపనిచో వాదింపవచ్చును. స్పష్టమైన దూషణముల నైనచో, కారణము వ్రాసి మనమే తొలగింపవచ్చును. పొరుగు కులమువారి వ్యాసమున కత్తిరింపులు చేయుటకును ఇదే నియమము. అభిమానమువలెనే ద్వేషమును ఒక సంబంధమే.

ఆధారమన నేమి? ఈ వార్షిక సంచిక గాదు. ఇందలి జీవితసంగ్రహములు ప్రేమతో వ్రాసినవి. కొన్నిట సంవత్సరములు సైతము జ్ఞాపకమునుండి వ్రాసినవే. మనము వ్రాసి, మనమే అచ్చొత్తించి, దానినే మనకు సాక్ష్యముగ జూపుట పొసగదు. నాటి పత్రికలు, ప్రభుత్వ దస్త్రములు, ఇతరులు వ్రాసిన చరిత్రగ్రంథములు కావలెను.

కావున మేమొక సవరణను ప్రతిపాదించుచున్నాము. ఉపసంఘము వ్యాసరచన మాని, పత్రసేకరణము చేయుగాక. ఇండ్లలోని పాత ఛాయాచిత్రములను, తీసినవారి యొక్క లేక హక్కుదారుల యొక్క యనుమతితో, వికీమీడియా కామన్సున జేర్పవచ్చును. వ్రాయగోరు యువకులకు పత్తి, మిరప, మన చుట్టుపట్ల గ్రామములు, చెఱువులు, బడులు గలవు. అందు వారి కలమున కడ్డు లేదు. సేకరింపవలసిన మొదటి పత్రము ఆ వసతిగృహపు స్థలదానపత్రమునకు నకలు. దానిని రిజిస్ట్రారు కచేరీనుండి తెప్పించుటకగు రుసుమును మంజూరు చేయవలెనని సభవారిని కోరుచున్నాము.