పెట్టే ముందు ఒక్కసారి చూద్దాం

 

మీరిచ్చిన జకాత్, సదఖా సొమ్ము ఎవరికి చేరిందో మీకు చూపడం మా బాధ్యత. ఒకప్పుడు జమాఖర్చుల పట్టిక, రెండు ఫోటోలు సరిపోయేవి. ఇప్పుడు ఫోన్‌లో చూసే నిలువు వీడియోలు, వాట్సాప్ స్టేటస్‌లు కూడా పెడుతున్నాం. ఆ పనిలో మేము చేసిన ఒక తప్పు మీ ముందు ఒప్పుకోవాలి.

రంజాన్‌లో రేషన్ కిట్ల పంపిణీని వీడియో తీశాం. అడ్డంగా తీసినప్పుడు హాలు, బియ్యం సంచులు, కార్యకర్తలు అందరూ కనిపించారు. ఫోన్ కోసం నిలువుగా కత్తిరించేసరికి తెర నిండా ఒక తల్లి, పక్కనే బడి యూనిఫారంలో ఆమె కూతురు మిగిలారు. మళ్లీ చూడకుండానే పెట్టేశాం. మర్నాడు ఆ పాప బడికి వెళ్లనని ఏడ్చిందట. తల్లి వచ్చి, "భాయ్, మీ కోసం రోజూ దువా చేస్తాం. కానీ మా పిల్ల ముఖం అందరికీ ఎందుకు చూపించారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. వెంటనే తీసేశాం. అప్పటికే గ్రూపుల్లో తిరుగుతున్నదాన్ని వెనక్కి తేలేకపోయాం.

దానం బాహాటంగా ఇచ్చినా మంచిదే, పేదలకు గుట్టుగా ఇస్తే ఇంకా మేలని అల్ బఖరా సూరా 271వ ఆయత్ నేర్పుతుంది. ఇచ్చి మనసు నొప్పిస్తే ఆ దానం వృథా అని 264వ ఆయత్ హెచ్చరిస్తుంది.

అందుకే ఇప్పుడు ఏ వీడియో అయినా ముందు ఒక మామూలు ఫోన్‌లో, ఇద్దరం కూర్చుని చూస్తున్నాం. ఒకసారి శబ్దంతో, ఒకసారి శబ్దం లేకుండా, ఒకసారి ఆపి ఆపి. సాయం అందుకునేవారి ముఖం కనిపిస్తోందా? బల్ల మీది జాబితాలో పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు చదవగలుగుతున్నామా? కింద మనం వేసిన అక్షరాలు, కుడిపక్క బొమ్మలు యాప్ బటన్ల వెనక దాగిపోతున్నాయా? చందా కోసం క్యూఆర్ కోడ్ పెడితే, అదే ఫోన్‌లో చూసేవారు దాన్ని స్కాన్ చేయడం కష్టం. కాబట్టి యూపీఐ ఐడీని, సొసైటీ ఖాతా పేరును అక్షరాల్లో కూడా రాస్తున్నాం.

ఇకపై మా వీడియోల్లో సంచులు, పుస్తకాలు, కుట్టు మిషన్లు, ఇచ్చే చేతులు కనిపిస్తాయి. పుచ్చుకునే ముఖాలు కనిపించవు. సొమ్ము చేరిందా అన్న సందేహం వస్తే ఆఫీసుకు రండి, లెక్కల పుస్తకం మీ ముందు తెరుస్తాం. మీరు స్వయంగా పంచేటప్పుడు కూడా ఫోన్ జేబులోనే ఉంచమని మా మనవి.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.