వంగని మోకాలు, వంగిన హృదయం

  ఈ దినమున నేను ఒక మోకాలిని గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. అది నా కుడి మోకాలే.

అంతకంటె ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళ క్రిందట నేను దివిసీమలో సేవ చేస్తున్న రోజుల్లో, నాగాయలంక వైపు ఒక సంఘంలో ఆదివారపు ఆరాధన జరుగుతోంది. ప్రార్థనకు మోకరించుదాం అన్నాను. అందరూ మోకరించారు. ఒక పెద్ద వయసు తల్లి మాత్రం గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని కూర్చుంది. నేను ఆమె పేరు ఎత్తలేదు. కాని దేవుని యెదుట మోకాళ్ళు వంచనివారు ఆయనను ఏ ముఖం పెట్టుకొని అడుగుతారు అన్నాను. ఎవరిని అన్నానో అందరికీ తెలిసింది. ఆమెకూ తెలిసింది. గోడ పట్టుకొని, పెదవి బిగించి ఆ తల్లి మోకరించింది. ప్రార్థన అయ్యాక లేవలేకపోయింది. ఇద్దరు స్త్రీలు చంకల క్రింద చేతులు వేసి లేపారు. నేను చూచాను. చూచి కూడా ఏమీ అనలేదు.

ప్రియులారా, తరువాత నా వంతు వచ్చింది. మొదట మెట్లు దిగేటప్పుడు నొప్పి. గుడివాడ స్టేషనులో ప్లాట్‌ఫారం మారాలంటే పైవంతెన చూచి భయపడేవాడిని. ఆర్.ఎం.పి. డాక్టరు చేత ఇంజెక్షన్లు చేయించుకున్నాను. నొప్పి మాత్రలు మింగాను. అవి ఏళ్ళ తరబడి వాడితే కడుపుకు, కిడ్నీలకు ముప్పు అని తరువాత తెలిసింది. చివరకు పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి, గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, ఎముకకు ఎముక రాసుకుంటోంది, మోకాలు మార్చాలి అన్నారు.

ఆపరేషన్ ప్రయాణంలో నేను నేర్చుకున్న మూడు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది: అరిగిన మోకాలు అవిశ్వాసానికి గుర్తు కాదు.

నేను ఆపరేషన్‌కు ఒప్పుకున్నప్పుడు ఒక సహోదరుడు, "అయ్యగారూ, అందరి స్వస్థత కోసం ప్రార్థించే మీరే కోయించుకుంటే ఎట్లాగండీ?" అన్నాడు. మాట గుచ్చుకుంది. కాని రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం చూడండి. హిజ్కియా కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అదే అధ్యాయంలో, అదే రోగికి, అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయమని ప్రవక్త చెప్పాడు. ప్రార్థన ఉంది, మందూ ఉంది. ఒకదానికొకటి విరోధం కాదు.

మోకాలంతా కోసి తీసేస్తారని మనవాళ్ళు భయపడతారు. అట్లా కాదు. తొడ ఎముక చివర, క్రింది ఎముక పైభాగాన అరిగిన పొరను తీసి, లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. ఇటువంటి నమూనా ఒకటి 1974లో న్యూయార్కులో తయారైంది. దాన్ని రూపొందించినవారిలో మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఒకరు. ప్రధానమంత్రిగా ఉండగా అటల్ బిహారీ వాజపేయిగారికి 2000 అక్టోబరులో ఒక మోకాలు, 2001 జూన్‌లో రెండవ మోకాలు ముంబయిలో మార్చినది ఆయనే. అప్పట్లో ఇది పెద్దవాళ్ళకే అనుకున్నాం. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి పరికరాల ధరలకు హద్దు పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్టు క్రోమియం రకానికి ఆనాడు పన్ను కాక 54,720 రూపాయలుగా నిర్ణయించింది. ఆసుపత్రి ఖర్చు వేరే ఉన్నప్పటికీ, అది చాలామందికి ఊరట.

ఇంకొక మాట. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పాతికేళ్ళ వయసున్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. ఆ నీళ్ళలో నిలబడి, ఆ బురదలో తమవారిని వెదకి, ఉప్పు పట్టిన చేలను మళ్ళీ బాగుచేసి, వంగి నాట్లు వేసిన కాళ్ళు అవి. అవి ఈనాడు వంగనంటే, భక్తి తక్కువై కాదు. మోసిన బరువు ఎక్కువై.

రెండవది: ఆపరేషన్ డాక్టరు చేస్తాడు, నడక మాత్రం మనమే నడవాలి.

ఆపరేషన్ అయితే బాధ తీరిపోతుందనుకున్నాను. మరునాడే వాకర్ పట్టుకొని నిలబడమన్నారు. కుట్ల దగ్గర మంట, కాలంతా వాపు, రాత్రుళ్ళు నిద్ర లేదు. ఫిజియోథెరపీ అబ్బాయి వస్తున్నాడంటే గుండె దడ. పాదం పైకీ క్రిందికీ ఆడించాలి. మోకాలిని మంచానికి అదిమి తొడ బిగించాలి. మడమను పరుపు మీద జరుపుతూ కాలు మడవాలి. చెప్పుకోడానికి చిన్న పనులే, చేసేటప్పుడు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

నా భార్య చూడలేక మోకాలి క్రింద మెత్తని దిండు పెట్టింది. ఎంత హాయిగా ఉందో! ఆ అబ్బాయి చూచి వెంటనే తీసేశాడు. "అమ్మగారూ, ఈ దిండు ఉంటే అయ్యగారి కాలు వంకరగానే బిగిసిపోద్దండీ" అన్నాడు. ప్రియులారా, ప్రేమతో పెట్టిన దిండు కూడా కాలును పాడుచేయగలదు. తల్లిదండ్రులకు ఆపరేషన్ చేయించిన బిడ్డలారా, పాపం నొప్పి అని వారిని మంచాన పడుకోబెట్టకండి. చేయి అందించి నడిపించండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, కుట్లలోంచి చీము కారినా ప్రార్థన చేసుకుంటూనే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. షుగరు ఉన్నవారు దాన్ని అదుపులో ఉంచుకోండి.

మొదటి వారంలో మంచం నుండి గుమ్మం దాకా. మూడో వారంలో వీధి అరుగు దాకా. మూడు నెలలకు కర్ర లేకుండా బందరు కోనేరు సెంటరులో నడిచాను. వాపు పూర్తిగా తగ్గడానికి ఇంకా నెలలు పట్టింది. నిరుత్సాహపడకండి. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో బలహీనమైన మోకాళ్ళ ప్రస్తావన ఉంది. దాన్ని ఎన్నోసార్లు బోధించాను. నా మోకాలితో నేర్చుకున్నది మాత్రం అప్పుడే.

మూడవది: దేవుడు చూచేది ఏ వంగుదలను?

ఆపరేషన్ తరువాత మొదటి ఆదివారం వాకర్‌తో గుడికి వెళ్ళాను. ప్రార్థన సమయం వచ్చింది. సంఘమంతా మోకరించింది. నేను ఒక్కడినే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కొందరు కొంత కాలానికి మెల్లగా మోకరించగలరు, అది ఎవరి డాక్టరును వారు అడిగి చేయవలసినది. నన్ను మాత్రం డాక్టరుగారు వద్దన్నారు. ముప్పై ఏళ్ళు మోకాళ్ళ ప్రార్థనను గూర్చి బోధించినవాడిని, అందరి తలల మీదుగా కనబడుతూ సిగ్గుతో కూర్చున్నాను. అప్పుడు నాగాయలంక తల్లి జ్ఞాపకం వచ్చింది.

కాలు కుదుటపడ్డాక ఆమెను వెదుక్కుంటూ వెళ్ళాను. ఇంటి ముందు మంచం మీద ఉంది. "అమ్మా, ఆ రోజు నలుగురిలో మిమ్మల్ని బాధపెట్టాను. నన్ను క్షమించండి" అన్నాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "మీరు అన్నదానికి కాదు అయ్యగారూ, లేవలేకపోయినందుకు సిగ్గేసింది. అప్పటినుంచి గుడికి రావటం తగ్గించేశాను. ఈ మంచం మీదే చేసుకుంటన్నా."

శ్రోతలారా, ఆమె రావడం లేదని నేను గమనించనే లేదు. ఒక్క మాటతో ఒక బిడ్డను దేవుని మందిరానికి దూరం చేశాను. నా ముఖం చూచి ఆమే నన్ను ఓదార్చింది. "మోకాలు వంగకపోతే ఏమైందిలే అయ్యగారూ, మెడ వంగితే చాలదా?" అంది.

మోకరించడం మంచిదే. దానియేలు దినమునకు మూడుసార్లు మోకరించాడు. పౌలు సముద్రతీరాన మోకరించాడు. మోకరించగలవారు మోకరించండి. కాని దావీదు దేవుని సన్నిధిలో కూర్చుండి ప్రార్థించాడు. హిజ్కియా మంచం మీద గోడవైపు తిరిగి ప్రార్థించాడు. ఉపమానంలోని సుంకరి దూరంగా నిలువబడి ప్రార్థించాడు. పెనూయేలులో కుంటుతూ వెళ్ళిన యాకోబు, ముసలితనంలో తన చేతికర్ర మీద ఆనుకొని ఆరాధించాడు. దేవుడు వీరిలో ఎవరినీ లేపి మోకరించమనలేదు. మెడ వంచని మోకరింపు మాత్రం ఆయనకు అక్కరలేదు. ఆ ఆదివారం నాగాయలంకలో మెడ వంగనిది ఎవరిదో ఇప్పుడు నాకు తెలుసు.

సంఘ పెద్దలారా, వచ్చే ఆదివారం మీ గుడిలో పది కుర్చీలు వేయండి. చివర గోడ వారగా కాదు, నలుగురి మధ్యలో వేయండి. మెట్ల దగ్గర పట్టుకోడానికి ఒక కమ్మీ పెట్టించండి. కొంతకాలంగా కనబడని ముసలి తల్లి ఇంటికి వెళ్ళి, ఎందుకు రావడం లేదమ్మా అని అడగండి. ఆ తల్లి ఇప్పుడు మనుమడి మోటారు సైకిలు మీద గుడికి వస్తోంది. ముందు వరుసలో ఆమెకు ఒక కుర్చీ ఉంది.

ప్రార్థన చేసుకుందాం. మోకరించగలవారు మోకరించండి, కూర్చున్నవారు కూర్చునే, మంచం మీద ఉన్నవారు పడుకొనే.

పరిశుద్ధుడవైన తండ్రీ, అరిగిన ఎముకలనూ అలసిన ప్రాణాలనూ నీవెరుగుదువు. ఈ దినమున మొదటి అడుగు వేయడానికి భయపడుతున్నవారి చేయి పట్టుకో. మా కఠినమైన మాటల వలన నీ మందిరానికి దూరమైనవారిని తిరిగి చేర్చు. మోకాలు వంగినా వంగకపోయినా, మా మెడలనూ మా హృదయాలనూ నీ యెదుట వంచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.