ఎర్రబడిన కన్నులన్నీ కళ్ళకలకలు కావు



2023 జూలై, ఆగస్టు మాసాలలో తెలుగునాట కళ్ళకలక విపరీతంగా ప్రబలింది. రోగి కళ్ళలోకి చూస్తేనే అంటుకుంటుందని ముఖం చాటు చేసేవారు నేటికీ ఉన్నారు. చూపు వలన అది అంటదు. కంటిని నలిపిన చేయి, ముఖం తుడిచిన తువ్వాలు, పంచుకున్న కాటుక భరిణె దానిని మోసుకుపోతాయి. నల్లద్దాలు రోగికి వెలుతురు బాధను తగ్గిస్తాయే గాని పక్కవానిని కాపాడవు.

కళ్ళకలక తరచుగా వైరస్ వలన కలుగుతుంది. నీరు కారుతూ, ఇసుక పడినట్లు గరగరలాడుతూ, ఒకటి రెండు వారాలలో దానంతట అదే శమిస్తుంది. చిక్కని పచ్చని పుసి కట్టి ఉదయాన రెప్పలు అతుక్కుపోతే బాక్టీరియా కారణం కావచ్చు. వైద్యుడు చుక్కలమందు వ్రాస్తాడు. రెప్ప అంచున లేచే కంటికురుపుకు గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టాలి, గిల్లరాదు.

అసలు భయపడవలసినది వేరొకటి ఉన్నది. యానాం అగ్రహారం మొదలుకొని గోదావరి డెల్టా అంతటా వరి కోతల కాలంలో ఆకు కొసో, ధాన్యపు నూగో కంటికి తగలడం పరిపాటి. రైతు దానిని లెక్కచేయడు. కన్ను ఎర్రబడితే ఇంట్లో కళ్ళకలక అనుకుంటారు. నందివర్ధనం పువ్వు పెడతారు. చనుబాలో, ఆముదమో వేస్తారు. పువ్వు చలువ సంగతి అటుంచితే, గాయపడిన కంటిలో ఇవి వేయడం సూక్ష్మజీవులను ఆహ్వానించడమే. నల్లగుడ్డుపై గీసుకున్నచోట శిలీంధ్రం నాటుకుంటే పుండవుతుంది. అది మానినా తెల్లని మచ్చ మిగులుతుంది. పెద్దలు ‘కంట్లో పువ్వు వేసింది’ అనేది దీనినే.

నిరుడు తెచ్చి దాచిన చుక్కల సీసా ఇంకా ప్రమాదకరం. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. లోపల శిలీంధ్రం మాత్రం విజృంభిస్తుంది.

నొప్పి తీవ్రమైనా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డుపై తెల్లచుక్క కనిపించినా ఆనాడే కంటి వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఆయన పుండును సుతారంగా గీసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, శిలీంధ్రమైతే నాటమైసిన్ వంటి చుక్కలు వ్రాస్తాడు. మొదట గంటగంటకూ, మొత్తం మీద వారాల తరబడి వేయవలసి ఉంటుంది. కాస్త నెమ్మదించగానే మందు మాని కోతకు పోయేవారే కన్ను పోగొట్టుకుంటారు. ఆపైన మిగిలేది శుక్లపటల మార్పిడి. అందుకు మరణించిన వేరొకరి నేత్రదానం కావాలి.

పొలం నుండి వచ్చిన తండ్రి కన్ను నలుపుకుంటుంటే, ఆ నల్లగుడ్డును పగటి వెలుతురులో పరిశీలించే పని బడి పిల్లలు చేయగలరు.