సరిహద్దు, ఒప్పందం, స్వేచ్ఛ: అమెరికా వలస విధానంపై స్వేచ్ఛావాదుల వాదవివాదం

వ్యక్తి తన శరీరానికి, శ్రమకు, ఆస్తికి తానే యజమాని అనీ, ఇతరులపై బలప్రయోగం చేయనంతవరకు అతన్ని అడ్డగించే అధికారం ప్రభుత్వానికి లేదనీ చెప్పే రాజకీయ సిద్ధాంతాన్ని లిబర్టేరియనిజం, అంటే స్వేచ్ఛావాదం అంటారు. పన్నులు, వాణిజ్యం, ధరల నియంత్రణ వంటి విషయాల్లో దాదాపు ఒక్కమాట మీద నిలిచే అమెరికన్ స్వేచ్ఛావాదులు వలసల దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలిపోతారు. ఈ చీలికలో ఏ పక్షం తన సిద్ధాంతానికి కట్టుబడి ఉంది, అమెరికా వీసా చట్టాల్లో ఆ సిద్ధాంతానికి అసలు గండి ఎక్కడ పడుతోంది అన్నవే ఈ ఉపన్యాసానికి విషయాలు.

సరిహద్దులు తెరిచి ఉంచాలనే పక్షానికి బలమైన తాత్త్విక రూపం ఇచ్చినవారిలో కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ హ్యూమర్ ముఖ్యులు. ఆకలితో ఉన్న మార్విన్ అనే మనిషి తిండి కొనుక్కోవడానికి బజారుకు బయలుదేరితే, అమ్మేవాళ్లు అమ్మడానికి సిద్ధంగా ఉన్నా మరొకడు దారిలో బలవంతంగా అడ్డుపడితే, అది సాయం చేయకపోవడం కాదు, హాని చేయడమే అవుతుందని ఆయన 2010లో వాదించారు. ఈ వాదనలో తరచు మరుగున పడే అంశం ఒకటుంది. అడ్డగింపు వల్ల భంగపడేది వలస వచ్చేవాడి హక్కు ఒక్కటే కాదు. అతనికి ఉద్యోగం ఇవ్వదలచిన టెక్సాస్ యజమాని హక్కు, ఇల్లు అద్దెకివ్వదలచిన న్యూజెర్సీ పౌరుడి హక్కు కూడా దానితోపాటే భంగపడతాయి. ఇక స్థానికుల జీతాలు పడిపోతాయన్న భయం విషయానికి వస్తే, 1980లో మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది క్యూబన్లు ఫ్లోరిడా చేరినప్పుడు మయామీ జీతాలకు చెప్పుకోదగ్గ నష్టం కలగలేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో చూపగా, హైస్కూలు చదువు పూర్తికాని వారికి గట్టి దెబ్బే తగిలిందని జార్జ్ బోర్హాస్ తరువాత ఎదురు వాదించారు. ఆర్థికవేత్తల మధ్య ఆ తగవు ఇంకా తెగలేదు.

ఎదుటి పక్షంలో స్వేచ్ఛావాద ఆలోచనాపరులు ముర్రే రాత్‌బార్డ్, హాన్స్-హెర్మన్ హోపె నిలుస్తారు. ఎస్తోనియా, లాత్వియాలకు సోవియట్ ప్రభుత్వం రష్యన్లను తరలించిన తీరు చూసి, ఒకప్పుడు స్వేచ్ఛా వలసను సమర్థించిన రాత్‌బార్డ్ 1994లో తన అభిప్రాయం మార్చుకున్నారు. భూమి అంతా ప్రైవేటు ఆస్తి అయితే యజమాని పిలవనిదే ఎవరూ అడుగుపెట్టలేరు కనుక, ప్రభుత్వ భూములకు ధర్మకర్త వంటిదైన రాజ్యం కూడా పిలుపు లేని వారిని ఆపాలని హోపె వాదించారు. ఈ వాదన చూడటానికి పకడ్బందీగా ఉన్నా లోపల బలహీనమైనది. రోడ్లు ప్రభుత్వానివి కనుక వాటిమీద ఎవరు నడవాలో రాజ్యమే నిర్ణయించవచ్చు అంటే, ఎవరు మాట్లాడాలో, ఏ పుస్తకం అమ్మాలో కూడా అదే నిర్ణయించవచ్చు. అంత అధికారాన్ని రాజ్యం చేతిలో పెట్టిన స్వేచ్ఛావాదానికి ఇక మిగిలేది పేరు మాత్రమే.

ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అభ్యంతరం ఇంతకంటే బరువైనది. సంక్షేమ రాజ్యం, అంటే పేదరికాన్ని బట్టి పౌరులకు నగదు, వైద్యం, ఆహారం సమకూర్చే రాజ్యం ఉన్నంతకాలం స్వేచ్ఛా వలస సాధ్యం కాదని ఆయన అన్నారు. దానికి కేటో ఇన్‌స్టిట్యూట్ వంటి స్వేచ్ఛావాద పరిశోధన సంస్థల జవాబు, గోడ దేశం చుట్టూ కాక సంక్షేమ పథకాల చుట్టూ కట్టమని. 1996 సంక్షేమ చట్టం కొంతవరకు ఆ పనే చేసింది; శాశ్వత నివాసం పొందిన కొత్తవారిలో ఎక్కువమందికి ప్రధాన కేంద్ర సంక్షేమ పథకాలను మొదటి 5 సంవత్సరాలు నిరాకరించింది. హెచ్-1బి, అంటే నిపుణులకు ఇచ్చే తాత్కాలిక వీసా మీద పనిచేసే ఉద్యోగి విషయంలో లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. అతని జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోత పడుతుంది. పింఛనుకు మాత్రం 40 త్రైమాసికాలు, అంటే సుమారు 10 సంవత్సరాల సంపాదన కావాలి. వీసా మామూలు గడువు 6 సంవత్సరాలే. భారత్‌తో అమెరికాకు సామాజిక భద్రతా ఒప్పందం లేనందున, గడువు తీరి తిరిగివచ్చిన ఉద్యోగి కట్టినది అమెరికా ఖజానాలోనే ఉండిపోతుంది.

1990 వలస చట్టం రూపొందించిన ఈ హెచ్-1బి వీసాలోనే స్వేచ్ఛావాదానికి అసలు పరీక్ష కనిపిస్తుంది. ఏటా 65,000, అమెరికాలో పై చదువులు చదివినవారికి మరో 20,000 వీసాలు లాటరీలో తేలతాయి. దరఖాస్తు ఉద్యోగిది కాదు, కంపెనీది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో మరో కంపెనీ అతని పేరిట దరఖాస్తు వేయాలి, లేదా సాధారణంగా అతను దేశం విడవాలి. శాశ్వత నివాస హక్కునిచ్చే గ్రీన్ కార్డుల విషయంలో, ఉద్యోగాల కోటాలో ఏటా ఉండే సుమారు 1,40,000 కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతం మించరాదన్న నియమం వల్ల, 2025 చివరి నెలల్లో ఈబీ-2, అంటే ఉన్నత విద్యావంతుల వర్గంలో 2013లో నమోదైన భారతీయుల వంతే నడిచింది. ఈలోగా పసివయసులో వెళ్లిన పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నీడ నుంచి బయటపడిపోయే ప్రమాదం ఉంది.

అమెరికా అధ్యక్షుడు 2025 సెప్టెంబరులో జారీచేసిన ప్రకటన విదేశాల నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బి ఉద్యోగులపై కంపెనీలకు 1,00,000 డాలర్ల రుసుము విధించింది. ప్రవేశానికి ధర పెట్టాలని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ కూడా సూచించారు కాబట్టి దీన్ని మార్కెట్ పద్ధతి అనుకునే వీలుంది, కానీ రెండింటికీ పోలిక లేదు. బెకర్ సూచనలో వలసదారుడు రుసుము చెల్లించి శాశ్వత నివాస హక్కు పొందుతాడు. ఈ ప్రకటనలో చెల్లించేది కంపెనీ, ఉద్యోగికి దక్కేది ఆ కంపెనీతో మరింత బిగిసిన ముడి.

ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు వరుసలో నిలుచున్నవారిలో హైదరాబాద్, గుంటూరు, వరంగల్ నుంచి వెళ్లిన తెలుగువారు ఎందరో ఉన్నారు. దేశాలవారీ పరిమితిని ఎత్తివేయాలన్న వారి కోరిక న్యాయమైనది. అయితే హెచ్-2ఎ వీసా మీద పొలాల్లో కోతలు కోసే మెక్సికన్ కూలీ కూడా ఇలాగే ఒక యజమానికి కట్టుబడి ఉంటాడు. ఇష్టపడిన ఇద్దరి మధ్య ఒప్పందానికి మూడోవాడు అడ్డురాకూడదన్న సూత్రం ఇంజనీరుకు వర్తిస్తే కూలీకీ వర్తించాలి. అమెరికాలోని తెలుగు సంఘాలు వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యులను కలిసినప్పుడు, గ్రీన్ కార్డుతోపాటు, వీసా ఏదైనా యజమానిని మార్చుకునే హక్కు పనిచేసేవాడి చేతిలోనే ఉండాలని కూడా అడగాలి.