మిద్దె మీది తొట్టీ, నెత్తి మీది చిన్న మూడూ



ఎండలు ముదిరాయంటే మన ఉట్నూరులో ఇల్లాలికి మొదటి బెంగ నీళ్ళదే. ఉన్న తొట్టి చాలదు, మిద్దె మీద ఇంకాస్త పెద్దది కట్టించుకుందాం అనుకుంటాం. "మీటరు తొట్టిని మీటరున్నర చేద్దామమ్మా, అన్ని వైపులా పెరిగేది అర మీటరే గదా" అంటాడు మేస్త్రీ. ఆ అర మీటరులోనే ఉంది తిరకాసంతా.

పొడవూ వెడల్పూ ఎత్తూ ఒక్కటే అయిన పెట్టెను పిల్లల పుస్తకాల్లో సమఘనం అంటారు. అందులో ఎంత పడుతుందో తెలియాలంటే భుజాన్ని భుజంతో, వచ్చినదాన్ని మళ్ళీ భుజంతో గుణించాలి. అంత పొడుగు రాయలేక అంకె నెత్తిన చిన్న 3 పెడతారు. అదే ఘాతాంకం. 2³ చూడగానే పిల్లలు ఆరు అనేస్తారు. కాదు, 2×2×2, ఎనిమిది! మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు చేశాడు. అలాంటి భాషలో పిల్లలకు లెక్క చెప్పడానికి మనకు జంకెందుకు?

సూదిమందును డాక్టర్లు సీసీల్లో చెప్తారు చూడండి, ఆ సీసీ అంటే ఒక ఘన సెంటీమీటరు. లీటరుకు అవి 10³, అంటే వెయ్యి. మీటరుకు 100 సెంటీమీటర్లు గనుక ఘన మీటరుకు 100³, అంటే పది లక్షలు. పది లక్షలను వెయ్యితో భాగిస్తే వెయ్యి. మీటరు తొట్టిలో వెయ్యి లీటర్లు పడతాయన్నమాట. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి గనుక బరువు వెయ్యి కిలోలు.

ఇప్పుడు మేస్త్రీ గారి మీటరున్నర చూద్దాం. 1.5×1.5×1.5 అంటే 3.375. నీళ్ళే 3,375 కిలోలు, గోడల బరువు వేరే! సగం పెంచామనుకుంటే స్లాబు మీద మూడు రెట్లకు పైగా భారం పడింది. కింద పడుకునేది మన పిల్లలే గదమ్మా. ఇంజనీరుకు చూపించనిదే ఒప్పుకోకండి.

నేలలో సంపు అయితే ఆ భయం లేదు. రెండు మీటర్ల సంపులో 8,000 లీటర్లు పడతాయి. మీటరు సంపుకు అడుగూ నాలుగు గోడలూ కలిపి 5 చదరపు మీటర్ల పూత, దీనికి 20. పూత నాలుగింతలు, నీళ్ళు ఎనిమిదింతలు. తవ్వకం మాత్రం ఎనిమిదింతలే, కూలి బేరం ఘన మీటరు లెక్కన చేసుకోండి. కొలత లోపలిదే తీసుకోవాలి సుమా, గోడ మందం కలిపితే లేని నీళ్ళు లెక్కకొస్తాయి.