మంచుకొండ మీద గురువు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అమెరికాలో గడపిన సంవత్సరమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారి మనస్సులో అచ్చటి ఎత్తైన మేడలు, గ్రంథాలయములు ఉండియుండవచ్చును. వానిని గూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సభలోనే పలువురు కలరు. వారి బిడ్డలు అచ్చటనే చదువుకొనుచున్నారు. కావున నేను వేరొక సంగతి చెప్పదలచితిని. కళాశాల విద్యార్థులకు మంచుకొండ మీద స్కీ పందెములు నేర్పు ఒక శిక్షకుడే నా ప్రసంగ విషయము.

గోదావరి డెల్టాలో పుట్టిన నాకు చిన్ననాట తెలిసిన మంచు రెండే విధములు. ఒకటి, రంపపు పొట్టులో కప్పియుంచిన ఐసుగడ్డ. రెండవది, పుల్ల ఐసు. అట్టివాడు శాఖవారి అనుమతితో ఒక సంవత్సరపు చదువునకై న్యూ ఇంగ్లండు ప్రాంతమునందలి చిన్న కళాశాల పట్టణమునకు చేరెను. నవంబరు మాసాంతమునకే ఊరంతయు తెల్లనయ్యెను. నేను అద్దెకున్న ఇంటి ప్రక్కవాటాలో కళాశాల స్కీ జట్టు శిక్షకుడుండెను. ఈ కథకు అదియే మూలము.

ముందుగా ఈ క్రీడ కళాశాలలలోనికి ఎట్లు వచ్చినదో సంగ్రహముగా మనవి చేయుదును. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని డార్ట్‌మౌత్ కళాశాలలో ఫ్రెడ్ హారిస్ అను విద్యార్థి చొరవతో 1909లో ఒక వనవిహార సంఘము ఏర్పడినది. చలికాలమున గదులలో ముడుచుకొని కూర్చుండుటకు బదులు బయటికి పోయి మంచులో ఆడుకొందమన్నదే వారి ఆశయము. 1911లో అచ్చట శీతకాలోత్సవము ప్రారంభమైనది. 1936లో వాల్టర్ ప్రాగర్ అను స్విట్జర్లండు దేశీయుడు ఆ కళాశాలకు శిక్షకుడుగా వచ్చెను. ఆయన 1931లోను, 1933లోను డౌన్‌హిల్ పందెమున ప్రపంచ విజేత. ఈ విధముగా విద్యార్థుల వినోదము క్రమముగా గురుముఖమున నేర్చు విద్యగా మారినది.

జాతీయ కళాశాలల క్రీడాసంఘము వారి మొదటి స్కీ పోటీలు 1954లో నెవాడా రాష్ట్రమునందలి రీనో పట్టణము చెంత జరిగినవి. డెన్వర్ విశ్వవిద్యాలయము గెలిచినది. దాని శిక్షకుడు జర్మనీనుండి వచ్చిన విల్లీ షాఫ్లర్. 1970 నాటికి ఆయన జట్టు ఆ పోటీలలో 13 పర్యాయములు ప్రథమస్థానము పొందినది. పొరుగున కొలరాడో విశ్వవిద్యాలయమున బాబ్ బీటీ అనునతడు 1959, 1960 సంవత్సరములలో జట్టును గెలిపించి, పిమ్మట జాతీయ జట్టుకు శిక్షకుడయ్యెను. 1964లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్ క్రీడలలో ఆయన శిష్యులు బిల్లీ కిడ్, జిమ్మీ హ్యూగా స్లాలం పందెమున రజత కాంస్య పతకములు తెచ్చిరి. వాలు పందెములలో అమెరికా పురుషులకు అవియే తొలి ఒలింపిక్ పతకములు. 1983 నుండి జాతీయ కళాశాలల పోటీలలో స్త్రీల జట్టు, పురుషుల జట్టు వేరుగాక, ఇరువురి మార్కులను కలిపియే విజేతను నిర్ణయించుచున్నారు. ఈ ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది.

ఇక పందెపు స్వరూపము. స్లాలం అనునది కొండవాలు మీద నాటిన గడల నడుమ వంకరటింకరగా జారు పందెము. ఆ గడలు అడుగున వంగి మరల లేచునట్టివి. వరుసగా ఏర్పరచిన ఒక్కొక్క ద్వారమునుండి రెండు స్కీల కొనలును, రెండు పాదములును దాటవలెను. ఒక్కటి తప్పినను పరుగు చెల్లదు. రెండు వేర్వేరు బాటలలో రెండు పరుగులు, రెంటి కాలమును కలిపి ఫలితము. పందెమునకు ముందు ఆ బాటను ప్రక్కగా మెల్లగా దిగుచు చూచుకొనుటకే అనుమతి కలదు. ద్వారముల గుండ జారి అభ్యసించుటకు లేదు. కావున విద్యార్థి ఆ మలుపులన్నిటిని కంఠస్థము చేసికొని పైకి పోవలెను. బయలుదేరు చోట పలువురు పిల్లలు కన్నులు మూసికొని, చేతిని పాము నడకగా కదలించుచు నిలిచియుండుట చూచితిని. పరీక్షాభవనము వాకిట పద్యములు వల్లెవేసికొను మన పిల్లలే నాకు జ్ఞప్తికి వచ్చిరి.

న్యూ ఇంగ్లండు కళాశాలల పోటీలలో ఒక్కొక్క పందెమునకు స్త్రీలలో ఆరుగురు, పురుషులలో ఆరుగురు దిగవచ్చును. అందు ఉత్తమముగా ముగించిన ముగ్గురి మార్కులే జట్టుకు చేరును. పడినవారికి సున్న. ఈ లెక్కలోనే శిక్షకుని కష్టమంతయు ఉన్నది. తెగించి జారుమన్నచో ఆరుగురిలో నలుగురు పడవచ్చును; జాగ్రత్తగా జారుమన్నచో ఆరుగురును నిలిచి వెనుకబడవచ్చును.

ఆ శిక్షకుని దినచర్య చూచిన తరువాత శిక్షణ అను మాటకు నేనెరిగిన అర్థము మారినది. ఆయన తెల్లవారకముందే లేచి వ్యాను నడుపువాడు. కొండ మీద గడలు తానే మోసి, మరతో మంచుకు రంధ్రములు చేసి నాటువాడు. రాత్రులు స్కీల అంచులకు ఆకురాయి పట్టుట, అడుగున మైనము కరగించి పూయుట పిల్లలకు నేర్పువాడు. మంచు ఉష్ణమును బట్టి, తేమను బట్టి మైనము మారును. ఎండ కాసి మంచు మెత్తబడిన దినమున బస్తాలతో ఉప్పు తెచ్చి వాలు మీద చల్లువాడు. ఉప్పు కొంత మంచును కరగించును. అట్లు కరగుటలో చుట్టునున్న వేడిని లాగికొనును. అంత మిగిలినది గట్టిపడును. ఐస్‌క్రీం చేయువాడు డబ్బా చుట్టు ఐసులో ఉప్పు వేయుటలోని కిటుకే ఇది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన పకపక నవ్వి, ఆ దినమునుండి నన్ను తన ఉప్పు సలహాదారుడని పిలువసాగెను.

చదువునకు భంగము రాకుండ చూచుటయు ఆయన పనియే. క్రీడాసంఘపు నియమము ప్రకారము మొదటి శ్రేణి కళాశాలలలో పోటీల కాలమున వారమునకు 20 గంటలకు మించి శిక్షణ నీయరాదు. ఒక దినము తప్పక విరామమీయవలెను. దూరప్రాంతపు పోటీలకు పోవునప్పుడు వ్యానులో సగముమంది పుస్తకములు తెరచుకొని యుందురు.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది ఆయన మితభాషిత్వము. అభ్యాసమున ఒక పిల్ల దిగి వచ్చిన వెంటనే ఆమెలో అయిదు తప్పులు ఆయనకు కనిపించును. చెప్పునది ఒక్కటే. "తక్కినవి ఎందుకు చెప్పరు?" అని ఒకనాడడిగితిని. "జారునప్పుడు మనిషి తలలో ఒక్క మాటకే చోటుండును. నేను అయిదు చెప్పినచో ఆమె నన్ను వినుచు జారును, కొండను చూడదు" అని ఆయన బదులు చెప్పెను. పందెము దినమున బాట ప్రక్కనుండి రేడియోలో పైనున్న పిల్లలకు వార్త పంపును: ఏ మలుపున మంచు చెడినది, ఎచ్చట ముందుగా తిరుగవలెను అని. అంతవరకే. ఒకసారి బయలుదేరు కడ్డీని దాటినచో, గురువు మాట ఇక శిష్యునికి చేరదు. అటుపై నిమిషముపాటు వాడును, వాని బుద్ధియు, ఆ కొండయు.

ఈ మాటకు అర్థము ఫిబ్రవరి మాసమున ఒక శనివారమునాడు నాకు తెలిసినది. ఆ ఊరి కొండ మీదనే పోటీలు. ద్వారముల వద్ద నిలిచి తప్పులు గమనించుటకు ఊరివారిలో కొందరు స్వచ్ఛందముగా వచ్చెదరు. ఒక మనిషి తక్కువయ్యెనని నన్ను పిలిచిరి. ఒక కార్డును, ఒక పెన్సిలును ఇచ్చి, నాలుగు ద్వారములను నాకప్పగించిరి. ఎవరైన తప్పినచో వారి సంఖ్యను, ద్వారపు సంఖ్యను వ్రాసి, స్కీల జాడ ఎట్లు పోయినదో బొమ్మ గీయవలెను. కార్డుపై వ్రాయుట సెక్రటేరియటు ఉద్యోగికి కొత్త విద్య కాదుగదా యని ధైర్యముగా నిలిచితిని.

స్త్రీల రెండవ పరుగు. మా ఊరి జట్టులో ఆరుగురికి ముగ్గురు అప్పటికే పడిపోయియుండిరి. మిగిలిన ముగ్గురును ముగించితేనే జట్టుకు నిండు మార్కులు. వారిలో కడపటి పిల్ల మూడవ సంవత్సరపు విద్యార్థిని. మా ఇంటికి వచ్చి పప్పుచారు త్రాగి కన్నీరు కార్చుకొని మరికొంచెము అడిగినది. ఆమె నా ముందుగా దూసికొని పోయెను. నా మూడవ ద్వారము వద్ద గడ ఆమె రెండు స్కీల నడుమ పడి వంగి లేచెను. ఒక స్కీ కొన తప్పు ప్రక్కగా పోయినది. రెప్పపాటు కాలము. ఆమె ఆగలేదు. దిగువన జనము కేకలు వేసిరి. శిక్షకుడు నిలిచిన చోటికి నడుమ మిట్ట అడ్డము. ఆయన చూచి యుండడు. చూచినవాడను నేనొక్కడనే.

సోదరులారా, ఆ పెన్సిలు నా చేతిలో ఎంత బరువయ్యెనో చెప్పజాలను. ఒక్క కార్డు ఖాళీగా విడిచినచో ఎవ్వరును అడుగరు. అయినను సంఖ్య వ్రాసి బొమ్మ గీచితిని. చేతి తొడుగు తీసి గీయుటచే వ్రేళ్ళు కొంకర్లు పోయినవి.

ఫలితముల పట్టికలో ఆమె పేరు అనర్హుల జాబితాలోనికి పోయెను. జట్టు రెండవ స్థానమునుండి నాల్గవ స్థానమునకు దిగెను. జాబితా అంటించిన పిదప పదునైదు నిమిషములలో శిక్షకుడు ఆక్షేపణ తెలుపవచ్చును. ఆయన నా వద్దకు వచ్చి కార్డు చూచి, "మీరెంత దూరమున నిలిచియుంటిరి?" అని మాత్రము అడిగెను. పదునైదడుగులని చెప్పితిని. అప్పుడామెను పిలిచి, "ఏమి జరిగినది?" అనెను. "తెలియదు" అని ఆమె అనెను. ఆయన రెట్టించి అడుగలేదు. గడియారమువంకను చూడలేదు. ఊరక నిలిచియుండెను. కొంతసేపటికి ఆమెయే, "తగిలినట్లు తెలిసినది. ఆగలేదు" అనెను. ఆక్షేపణకు ఇంకను కాలమున్నది; ఆయన కదలలేదు. "సరే, రమ్ము. గడలు పీకవలసియున్నది" అని ఆమెతో కలిసి పైకి పోయెను.

సాయంకాలము వ్యానులో వెనుక మూలన దోషివలె కూర్చుంటిని. ఎవ్వరును మాటాడలేదు. సగము దారిలో ఆ పిల్ల తన సంచిలోని నారింజపండు ఒలిచి తొనలు అందరికిని పంచుచు నాకును రెండు ఇచ్చినది. దిగునప్పుడు శిక్షకుడు, "ఈసారి పోటీకి కూడ రాగలరా? సరిగా చూచువారు దొరకుట కష్టము" అనెను. ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర రాలేదు.

కారణము చెప్పెదను. అమెరికా పోవుటకు పూర్వము నా క్రింద ఒక యువకోద్యోగి పనిచేసెడివాడు. తెలివిగలవాడు. అతడు వ్రాసిన ప్రతి నోటును నేను ఎఱ్ఱసిరాతో తిరగవ్రాసితిని. అది శిక్షణయే అనుకొని గర్వించితిని. ఏడాది తిరుగునప్పటికి అతడు తెల్లకాగితము తెచ్చి, "ఏమి వ్రాయమందురు సార్?" అని అడుగసాగెను. నేను సెలవులో నుండగా ఒక వృద్ధురాలి కుటుంబపు పింఛను కాగితము వచ్చినది. అతడే ఆనాడు తేల్చదగిన పని. నా రాకకై అది పండ్రెండు దినములు బల్లపై పడియుండెను. అతనిని మందలించితిని. తప్పు నాదని ఆ కొండదిగువన గాని నాకు తోచలేదు. నేను అతనికి అయిదేసి మాటలు చెప్పితిని. అతడు నన్ను వినుటయే నేర్చెను గాని కాగితమును చూచుట నేర్వలేదు.

స్కీ క్రీడ మనకు దూరపుది అనుకొనవలదు. కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యమున స్కీ శిక్షణ సంస్థ కలదు. ఖేలో ఇండియా శీతకాల క్రీడలు 2020లో అచ్చట జరిగినవి. ఆ ప్రాంతమువాడైన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో భారతదేశము పక్షమున ఒంటరిగా పాల్గొని, జెయంట్ స్లాలంలో 45వ స్థానమున ముగించెను. స్లాలంలో మొదటి పరుగునందే బాట తప్పెను. ఢిల్లీలో పెరుగుచున్న మన తెలుగు పిల్లలలో ఎవరైన ఒకరు ఆ వాలుల వైపు చూచినచో, తలిదండ్రులు భయపడి వెనుకకు లాగవలదని నా మనవి. పడుట ఎట్లో ముందుగా నేర్పుదురు.

తిరిగి వచ్చిన పిమ్మట ఆ యువకోద్యోగిని పిలిచి, ఇకమీదట అతని నోటులో ఒక్క మార్పు కంటె చేయనని చెప్పితిని. మొదటి మాసము అతనికంటె నాకే కష్టమయ్యెను. ఎఱ్ఱకలము దానంతట అదియే కదలుచుండెడిది. ఇప్పుడతడు వేరొక శాఖలో ఉన్నాడు. పోయిన నెల నేను పంపిన ఒక ప్రతిపాదనను పరిశీలించి, అందు నేను చేసిన తప్పును ఎత్తిచూపి, సవినయముగా త్రిప్పి పంపెను. ఫైలు మీద వ్రాసినది రెండే పంక్తులు. రెండును సరియైనవే.